ఆళ్లగడ్డ దావలో దేనికి భయపడాల?

హైదరాబాదు నుంచి తిరుపతికి సొంత కార్లో పోయే సుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే. "ఆళ్లగడ్డ మీద రాత్తిరి పూట పోవచ్చునా? ఏం భయం లేదు గదా?" నేను నంద్యాలలో ఉంటా గాబట్టి నాకు తెలుస్తాదని వాళ్ల నమ్మకం. వాళ్లడిగేది రోడ్డు గురించి గాదు. వరసగా పోయే సుమోలు, పైకి లేసే కత్తులు, పేలే బాంబులు, ఇవన్నీ ఇరవై ఐదేండ్ల సంది సినిమాల్లో చూసి చూసి మా తట్టు అంటే వాళ్ల కండ్ల ముందర నిలబడే బొమ్మ అది. గుంటూరు తట్టు నుంచి వచ్చే మా బావ అయితే చాగలమర్రి దాటే దాకా నీళ్లు తాగను గూడా బండి ఆపడు.

భయం లేదని నేను చెప్పను. భయం ఉంది. అయితే వాళ్లు తప్పు తట్టు చూస్తాండారు. తప్పు తట్టు చూసేది బయటోళ్లే అయితే నవ్వి ఊరుకుందుము. మేము గూడా అదే తట్టు చూస్తాండాం, అదీ నా బాధ.

ముందు ఫ్యాక్షన్ సంగతి తేల్చుకుందాం. అది అబద్ధం అని చెప్పి సీమ పరువు కాపాడే పని నేను పెట్టుకోను. బండి మీద పోతాంటే చంపడం ఈ నేలమీద నిజంగా జరిగినదే. 1998 మే 23న వైఎస్ రాజారెడ్డిని పులివెందుల దావలో బండి మీద బాంబులేసి చంపినారు. 2008 మే 17న మా కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల వెంకటప్పనాయుడు బండ్లను లారీతో గుద్ది, ఆయన్నూ ఆయన మనుషులనూ కలిపి 11 మందిని చంపినారు. 2017 మే 21న చెరుకులపాడు నారాయణరెడ్డి కారుకు కృష్ణగిరి కాడ ట్రాక్టర్లు అడ్డం పెట్టి గుద్ది చంపినారు. మూడూ మే నెలలోనే జరిగినాయి చూడండి. పెండ్లిళ్ల కాలం అది. ఎవురు ఏ ఊరికి పోతారో, ఏ దావన తిరిగి వస్తారో ఊరందరికీ తెలిసే కాలం. నారాయణరెడ్డి గూడా పెండ్లికి పోయి వస్తాండినాడు.

ఈ మూడింట్లో ఒక లెక్క కనపడతాది. చంపేటోనికి ముందుగానే మనిషి పేరు తెలుసు, బండి తెలుసు, టైము తెలుసు. మోరీ కాడనో, మలుపు కాడనో, బండి నిమ్మళంగా పోవాల్సిన సన్న దావలో కాసుకోని ఉంటారు. తిరుపతి పోయే హైదరాబాదు కారును ఆపి చంపేదానికి ఎవురికీ పని లేదు. అట్లని బయటోళ్లకు ఎప్పుడూ ఏమీ కాలేదని గూడా అనలేం. 1997 నవంబర్‌లో పరిటాల రవి కోసం పెట్టిన కారు బాంబు పేలింది అనంతపురంలో గాదు, హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో. రవి బతికినాడు, 26 మంది పోయినారు. సినిమా షూటింగ్ వార్తకని పోయిన టీవీ వాళ్లు గూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లకు ఏ పగా లేదు. అంటే ఫ్యాక్షన్ బాంబు పక్కోన్ని గూడా తింటాది. కానీ అది ఆళ్లగడ్డ హైవే మీద రాత్తిరి పోయే కారుకు తగిలే లెక్క, నన్నడిగితే, పిడుగు పడే లెక్కకు దగ్గర.

ఇంక రెండో భయం సంగతికి వస్తాం. దానికి సాక్ష్యం ఈ దావలోనే, గూబగుండం మిట్ట కాడ ఉంది.

2014 ఏప్రిల్ 23 రాత్తిరి. ఎలక్షన్లు ఇంక రెండు వారాలు. ఆళ్లగడ్డ ఎమ్మెల్యే భూమా శోభానాగిరెడ్డి నంద్యాలలో ప్రచారం ముగించుకోని ఇంటికి పోతాండినారు. భూమా ఇల్లు, గంగుల ఇల్లు అంటే ఆళ్లగడ్డలో ఎట్లాంటి పాత పగలో నేను చెప్పాల్సిన పని లేదు. అట్లాంటి ఇంటి మనిషి బయటికి వస్తే గన్‌మెన్లు ఉంటారు, ముందొక బండి, ఎనకొక బండి ఉంటాది. ఒక మనిషి ప్రాణానికి సర్కారూ, సొంత మనుషులూ కలిసి ఎంత కాపలా పెట్టగలరో అంతా ఉంటాది. ఆ రాత్తిరి రోడ్డు మీద ఎవురో రైతు వడ్లు కుప్ప పోసి ఉన్నాడు. దాన్ని తప్పించబోయి కారు పల్టీ కొట్టింది. ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదు, బయటికి ఎగిరి పడినారు. మర్రోజు హైదరాబాదు ఆస్పత్రిలో పోయినారు. బెలెట్ మీద ఆమె పేరు అట్లే ఉండింది, మే 7న జనాలు ఓట్లేసినారు, చనిపోయిన మనిషి గెలిచింది. ఆ తర్వాత ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా వచ్చినారు. రాజకీయం అంతటితో ముందుకు పోయింది.

ఆ వడ్లకుప్ప మాత్రం యాడికీ పోలేదు. ఏప్రిల్ నెల వస్తే ఇప్పటికీ పాణ్యం నుంచి చాగలమర్రి దాకా చూసుకుంటా పొండి. వడ్లు, మొక్కజొన్నలు, జొన్నలు రోడ్డు మీద పారబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. మొబ్బయితే పైన నల్ల పట్ట కప్పుతారు. నల్ల తారు మీద నల్ల పట్ట, దాని మీద రాయి. ఎదురుగా లారీ లైటు కొడతాంటే నీ కండ్లకు ఏం కనపడతాది? ఒక్కోసారి గింజలు ఎత్తుకోని పోతారు, రాళ్లు మాత్రం ఆన్నే మర్చిపోతారు. కారోడు ఎట్లనో తప్పించుకుంటాడు, మోటారు సైకిలోడు పోతాడు.

ఇట్ల అంటే "రైతుల్ని తిడతాండావా" అంటారు. తిట్టేదానికి గాదు ఇది రాస్తాండేది. రైతు రోడ్డెక్కడానికి కారణం ఉంది, అది తెలుసుకోకుండా పోలీసులతో కేసులు పెట్టిస్తే పని గాదు. పూర్వం వరి కోసేటప్పుడు మనుషులు కొడవండ్లతో కోసి, చేన్లోనే పనలు ఆరేసి, మోపులు గట్టి, కళ్లంలో వామి వేసి, వీలు చూసుకోని నూర్చుకునేవాళ్లు. గింజ ఎండేదానికి కావాల్సినన్ని దినాలు దొరికేటివి. ఇప్పుడు కోత మిషన్ వస్తాది. పొద్దున పచ్చిగా నిలబడి ఉన్న వరి, మధ్యాన్నానికి పచ్చి వడ్లయి ట్రాలీలో ఉంటాది. ఇరవై ఎకరాలు ఒకే దినం అయిపోతాయి. కొనుగోలు కాడ తేమ 17 శాతం దాటితే తీసుకోరు. వ్యాపారి తీసుకున్నా పచ్చి అని చెప్పి బస్తాకు ఇంత అని కోస్తాడు. కేసీ కాలవ కింద, తెలుగుగంగ కింద ఊరూరూ ఒక్కసారే కోతకు వస్తాది. మరి ఆరబెట్టేది యాడ? ఊరి ఉమ్మడి కళ్లాలు ఎప్పుడో ఇండ్ల స్థలాలైపోయినాయి, ఆక్రమణలైపోయినాయి. నున్నగా, గట్టిగా, ఎండ బాగా తగిలేటట్టు ఉండే నేల మిగిలింది ఒకటే, సర్కారు నాలుగు వరసలేసి ఇచ్చిన రోడ్డు. తారు ఎండకు పెనం మాదిరి కాలతాది, రెండు దినాల్లో ఎండేది ఒక దినంలో ఎండతాది. రైతు లెక్కలో అది తెలివైన పనే. కారోని లెక్కలో అది చావు. ఇద్దరూ తమ తమ లెక్కలు సరిగ్గానే చేసుకున్నారు. ఎటొచ్చీ ఈ రెండు లెక్కలు కలిపి చూసేవాడు లేడు.

ఇప్పుడు పెద్ద లెక్క చూడండి. 2022లో దేశం మొత్తమ్మీద హత్యలైనోళ్లు 28,522 మంది. అదే సంవత్సరం రోడ్ల మీద పోయినోళ్లు 1,68,491 మంది. దగ్గర దగ్గర ఆరు రెట్లు. ఆ రోడ్డు చావుల్లో వందకు 44 మంది మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద పోయేవాళ్లే. హెల్మెట్ లేక పోయినోళ్లు 50 వేల మంది. బెల్టు లేక పోయినోళ్లు 16,715 మంది, అందులో సగం మంది డ్రైవర్లు, సగం మంది పక్కనో ఎనకనో కూర్చున్నోళ్లు. ఇవి సర్కారు లెక్కలే.

ఒక ఊర్లో హత్య జరిగితే ఆ ఊరి పేరు ఇరవై ఏండ్లు చెడతాది. పిల్లనిచ్చేదానికి ఎనకాడతారు. కప్పట్రాళ్ల పేరు చెప్తే ఇప్పటికీ ముందు ఆ హత్యే గుర్తొస్తాది. అదే ఊరి కాడ హైవే మీద ఇరవై మంది పోతే ఏం జరుగుతాది? "ఖర్మ" అంటాం. "టైము బాగలేదు" అంటాం. హత్యకు ముద్దాయి ఉంటాడు, సాక్షి ఉంటాడు, పగ ఉంటాది, కత ఉంటాది. రోడ్డు చావుకు కత లేదు. కత లేని చావుకు మనం భయపడం. నా మటుకు నాకు అసలు రోగం ఇదే అనిపిస్తాది.

ఇది మన ఒక్కరికే ఉన్నది గాదు. 2001 సెప్టెంబర్‌లో అమెరికాలో విమానాలతో దాడులు చేసినాక, అక్కడి జనాలు విమానం ఎక్కేదానికి భయపడి దూరాభారాలకు గూడా సొంత కార్లేసుకోని పోయినారు. గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆ తర్వాతి పన్నెండు నెలల రోడ్డు చావులు లెక్కేసి చూస్తే, మామూలుగా పోయేవాళ్ల కంటే సుమారు 1,500 మంది జాస్తి పోయినారని తేలింది. ఆ నాలుగు విమానాల్లో ప్రయాణికులుగా ఉండి పోయినోళ్ల కంటే ఆరేడు రెట్లు. చదువుకున్న దేశం, లెక్కలు తెలిసిన దేశం. భయం దగ్గరికి వచ్చేసరికి వాళ్లూ మా బావ మాదిరే.

పేరున్నోళ్లు గూడా ఇట్లనే పోయినారు. ఎర్రన్నాయుడు 2012 నవంబర్ 2న రణస్థలం కాడ నడిరాత్తిరి ట్యాంకర్‌కు గుద్దుకోని పోయినారు. నందమూరి జానకిరామ్ 2014 డిసెంబర్‌లో ఆకుపాముల కాడ ట్రాక్టర్ అడ్డం వస్తే పోయినాడు. 2018 ఆగస్టు 29న హరికృష్ణ తెల్లారుజామున తనే నడుపుకుంటా నల్గొండ జిల్లా దాటతా బెల్టు లేక బయటికి ఎగిరి పడినారు. ఆయన జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి. తండ్రి ఎన్టీఆర్ చైతన్య రథాన్ని రాష్ట్రమంతా నడిపినది ఆయనే. అంత చెయ్యి తిరిగిన డ్రైవర్‌కే తప్పలేదు. "నేను బాగా నడుపుతా గదా" అనేవాళ్లు ఒకసారి ఈ సంగతి యాదికి తెచ్చుకోవాల.

మా తట్టు బెల్టు పెట్టుకోకపోవడానికి ఇంకో కారణం గూడా ఉంది, బయటోళ్లకు తెలీదు. పెద్దోళ్ల బండ్లు నడిపే డ్రైవర్లకు, గన్‌మెన్లకు ఒక పాత నమ్మకం. దాడి జరిగితే చటుక్కున తలుపు తీసి ఉరకాల, బెల్టు ఉంటే చిక్కుకుంటాం అని. పెద్దోళ్లు పెట్టుకోరు గాబట్టి వాళ్ల ఎంట తిరిగే పిల్లోళ్లు పెట్టుకోరు. పిల్లోళ్లు పెట్టుకోరు గాబట్టి బెల్టు అంటే పిరికోడు కట్టుకునేది అనే మాట వచ్చింది. ఎప్పుడో పడే బాంబు కోసం, రోజూ ఎదురొచ్చే లారీని మర్చిపోయినాం.

లారీ అన్నా గాబట్టి రాత్తిరి సంగతి చెప్పాల, నన్నడిగేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఇది పాత 18వ నంబరు, ఇప్పటి 40వ నంబరు జాతీయ రహదారి. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీద చిత్తూరు తట్టు పోతాది. హైదరాబాదు నుంచి ఆళ్లగడ్డ సుమారు 330 కిలోమీటర్లు. రాత్తిరి తొమ్మిదికి అన్నం తిని బయలుదేరితే రెండుకు, మూడుకు మా దగ్గరికి వస్తారు. తిరుపతి నుంచి తిరిగి పోయేవాళ్లు దర్శనం చేసుకోని, లడ్లు తీసుకోని, నడిరాత్తిరి బయలుదేరితే కోడి కూసే యాళకు మా దగ్గరికి వస్తారు. ఎటునుంచి వచ్చినా మనిషికి నిద్ర ముంచుకొచ్చే టైముకు ఆళ్లగడ్డ వస్తాది. అది ఆళ్లగడ్డ తప్పు గాదు, దూరాల లెక్క అట్ల కుదిరింది. రోడ్డు చూస్తే నున్నగా, నేరుగా ఉంటాది. గుంతల రోడ్డయితే మనిషి మేలుకోనన్నా ఉంటాడు. దాబాల కాడ లారీలు ఎనక లైటు లేకుండా పక్కన ఆపి డ్రైవర్లు నిద్రపోతాంటారు. ఇద్దరి నిద్రలు ఒక తావున కలుస్తాయి.

2024 మార్చి 6 తెల్లారుజామున ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల కాడ ఒక కారు ఆగి ఉన్న లారీని ఎనక నుంచి గుద్దింది. తిరుమల పోయి వస్తాండే కుటుంబం. కొత్తగా పెండ్లయిన జంట, ఇంటివాళ్లు, కలిపి ఐదు మంది పోయినారు. పెండ్లయి వారమే. ఆ కారులో ఉన్నోళ్లు గూడా బయలుదేరేటప్పుడు ఎవురినో అడిగే ఉంటారు, ఆళ్లగడ్డ మీద పోవచ్చునా అని.

నడిచేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2020 డిసెంబర్ 15 మొబ్బున శిరివెళ్ల మండలం యర్రగుంట్లలో చర్చికి నడుచుకుంటా పోతాండే జనం మీదికి లారీ వచ్చింది. పోయినోళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్లు బండి గూడా ఎక్కలేదు. సొంత ఊర్లో, సొంత రోడ్డు మీద నడుస్తాండినారు. హైవే ఊరి మధ్యలో నుంచి పోతాంటే ఊరోళ్లకు అదే బజారు, అదే దావ.

నల్లమల తట్టు గిద్దలూరు దావ గురించి గూడా అడుగుతారు, పులి వస్తాదా అని. పులి రాదు నాయనా. వచ్చినా అది నీ కారు కంటే ముందు పరిగెత్తుతాది. దిగువమెట్ట తట్టు దిగేటప్పుడు ముందు పోయే లారీ బ్రేకులు పట్టినాయా లేదా అది చూసుకో. ఆత్మకూరు, దోర్నాల తట్టు అడివిలో రాత్తిరి బండ్లు వదలరు, అది గూడా పులికి మన బండ్ల భయం ఉండి పెట్టిన కట్టుబాటు, మనకు పులి భయం ఉండి గాదు.

మరి పోవాలా వద్దా? నన్నడిగే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. పగలు పొండి. కుదరకపోతే నంద్యాలలోనో కర్నూలులోనో పండుకోని నాలుగు గంటలు నిద్రపోయి ఐదు దాటినాక బయలుదేరండి. లాడ్జీకి అయ్యే వెయ్యి రూపాయలు ఎక్కువనిపిస్తే ఆర్టీసీ బస్సెక్కండి. సొంత కారు సుఖమే, కాదనను, ముసలోళ్లు పిల్లోళ్లు ఉంటే ఇంకా సుఖం. కానీ కారు కొన్నోడే డ్రైవరయి, దినమంతా ఆఫీసులో పని చేసి, రాత్తిరి 570 కిలోమీటర్లు ఒక్కడే నడిపితే అందులో ఉన్న ప్రమాదం ఏ ఫ్యాక్షనిస్టూ తీసుకోడు. ఫ్యాక్షనిస్టు గూడా నడిపేదానికి వేరే మనిషిని పెట్టుకుంటాడు. ఎనక సీట్లో కూర్చున్న అమ్మకు, అత్తకు గూడా బెల్టు పెట్టండి. ఎనక బెల్టు గూడా చట్టంలో ఉన్నదే, పెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. సైరస్ మిస్త్రీ 2022లో ఎనక సీట్లో కూర్చోనే పోయినాడు. ఏప్రిల్, మే, డిసెంబర్ నెలల్లో పక్క వరసలో అస్సలు పోవద్దండి, అక్కడ గింజలుంటాయి.

ఇది పోయేవాళ్లు చేసేది. ఉండేవాళ్ల సంగతి?

2022లో నంద్యాల జిల్లా అయింది. కలెక్టర్, ఎస్పీ ఇప్పుడు ఊర్లోనే ఉన్నారు. నాయకులు గన్‌మెన్లను తగ్గించినారని గొడవ చేస్తారు, కోర్టుకు పోతారు, పేపర్లలో వస్తాది. ఒక ఊరికి సిమెంటు కళ్లం కావాలని ఇంతవరకు ఏ నాయకుడూ రోడ్డు మీద కూర్చున్నట్టు నేను చూడలేదు. ఆ కళ్లం ఒకటి గూబగుండం తట్టు ఊర్లో ఉండి ఉంటే, గన్‌మెన్లు కాపాడలేని ప్రాణాన్ని అది కాపాడి ఉండును.

దీనికి డబ్బు లేదని గూడా అనలేం. తెలంగాణలో ఉపాధి హామీ డబ్బుతో చేన్లలో సిమెంటు కళ్లాలు కట్టినారు. అందుకు కేంద్రం ఒప్పుకోలేదు, 2022లో 151 కోట్లు ఎనక్కి కట్టమంది. సముద్రం తట్టు చేపలు ఎండబెట్టే దిమ్మెలకు ఒప్పుకుంటారు, వడ్లు ఎండబెట్టే దిమ్మెలకు ఎందుకు ఒప్పుకోరని వాళ్లు అడిగినారు. అడిగిన మాటలో న్యాయం ఉంది. పార్టీలు ఏవైనా గానీ, మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ మాట ఢిల్లీలో అడగాల. అంతవరకు మార్కెట్ యార్డుల్లో ఖాళీగా ఉండే అరుగులు, బడి సెలవుల్లో గట్టి మైదానాలు కోతల కాలానికి రైతుకు ఇయ్యొచ్చు. దానికి జీవో గూడా అక్కర్లేదు, తహశీల్దారు ఒక కాగితం రాస్తే చాలు. టోలు వసూలు చేసేవాళ్లు రాత్తిరి ఒక బండి తిప్పి, లైటు లేకుండా ఆపిన లారీలను లేపి పంపియ్యొచ్చు. పోయే ప్రతి కారు కాడ డబ్బు తీసుకుంటాండారు గదా.

ఇంకో రెండు వారాల్లో శిరివెళ్ల తట్టు కోత మిషన్లు దిగుతాయి. రోడ్డు పక్కన రాళ్లు అప్పుడే పేర్చి పెట్టుకున్నారు, నిన్న పోతా చూసినా.